రెండు కొట్ల పాఠం

మేష్టారు దారం కొసను నాలుకతో తడిపి, ఒక కన్ను మూసి, సూదిలోకి ఎక్కించాడు. భార్య కుట్టుకొట్టు తెరవగానే ఆయన చేసే మొదటి పని అదే. ఆమెకు సూదిబెజ్జం ఆనదు. ఆయనకేమో అదొక్కటి తప్ప లోకంలో మరేదీ కనబడదని ఆమె ఫిర్యాదు. పొట్టి మనిషి, బట్టతల, చొక్కాజేబు అంచున ఎప్పుడూ సుద్దపొడి. కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాడు. ఏ సూత్రం చెప్పినా "ఇతర పరిస్థితులు మారకుంటే" అని మొదలుపెడతాడు కనుక పిల్లలు 'మారకుంటే మేష్టారు' అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, లోలోపల ముచ్చటే.

ఈరోజు మాత్రం రెండుసార్లు గురి తప్పాకే దారం ఎక్కింది. సాయంత్రంతో ఉద్యోగం ముగుస్తుందని కాదు. పక్కగదిలో ఇంకొకావిడ పొద్దున్నే కుట్టుమిషన్లు దింపించింది. ఈ కొట్టంటే తన భార్యకు ప్రాణం.

"రేట్లు ఇవాళే తగ్గించెయ్," అన్నాడు. "ఒకే పని, పక్కపక్కనే రెండు కొట్లు. నువ్వు కాస్త తగ్గిస్తే ఆవిడ ఇంకాస్త తగ్గిస్తుంది. చివరికి దారం ఖర్చులే మిగులుతాయి. ఏటా చెప్పే పాఠమే ఇది."

"మరి నన్నెందుకు తగ్గించమంటారు?"

"ఆవిడ ముందు తగ్గిస్తే అందరూ అటే పోతారుగా."

"మీ పాఠంలో ఆ ఇద్దరూ మాట్లాడుకోరా?"

"మాట్లాడుకోరని అనుకుంటాం."

"పక్కపక్కనే కూర్చుని, బెల్లంకొట్టిన రాళ్ళలాగానా? బాగుంది." ఆమె మిషను తొక్కడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చేసరికి కొట్టులో బీరువా పక్కకు జరిగి ఉంది. దాని వెనక ఏళ్ళ తరబడి మూసి ఉన్న తలుపు బార్లా తెరిచి ఉంది. ఒకప్పుడు అవి రెండూ ఒకే ఇంటి గదులు. కొత్తావిడ నోట్లోని గుండుసూదులు తీసి చేతిలో పట్టుకుని ఇవతలికి వచ్చింది.

"రండి అన్నయ్యగారూ. పిల్లల బట్టలంటే వదినకు విసుగు, నాకేమో కోట్లంటే భయం. అటువి ఇటూ ఇటువి అటూ పంపుకుంటున్నాం."

"మరి రేట్లు?" మేష్టారు నీరసంగా అడిగాడు.

"రెండు వైపులా ఒకటే. కూర్చుని మాట్లాడుకున్నాం," అంది భార్య.

"దాన్ని కుమ్మక్కంటారు. ప్రభుత్వం ఊరుకోదు, చట్టాలున్నాయి."

"ఊరుకోకపోతే వచ్చి ఈ కోటుకు చేతులు కుట్టమనండి."

ఆడవాళ్ళిద్దరూ విరగబడి నవ్వారు. మేష్టారు కాసేపు మొహం ముడుచుకుని చూశాడు గానీ, ఆ తర్వాత ఆయనవల్లా కాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. పొద్దుటినుంచీ గుండెల మీద ఉన్న కుంపటి దిగిపోయింది. లెక్క తప్పినందుకు ఇంత సంతోషం ఆయనకెప్పుడూ కలగలేదు.

చివరి పీరియడులో అదే పాఠం. బోర్డు మీద రెండు కొట్లకు రెండు పెట్టెలు గీశాడు. "ఇతర పరిస్థితులు..." అని ఆగాడు. "మారకుంటే," అని క్లాసంతా అందుకుంది.

"మారతాయర్రా. ఇవాళ మా ఇంట్లోనే మారాయి," అని జరిగినదంతా చెప్పాడు.

వెనకబెంచీలో ఒకమ్మాయి లేచి, "మరి పరీక్షలో ఏం రాయాలి సార్?" అంది.

"పుస్తకంలో ఉన్నదే రాయి తల్లీ. బతుకులో మాత్రం పక్కావిడతో ఓసారి మాట్లాడి చూడు."

గంట కొట్టారు. సన్మానాలవీ వద్దని ఆయన ముందే చెప్పేశాడు. చేతులు దులుపుకుని, గొడుగు తీసుకుని, రోజూలాగే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆ గదికి వచ్చిన కొత్త లెక్చరరు బోర్డు తుడవబోయి, ఏమనుకున్నాడో, డస్టరు బల్ల మీద పెట్టేశాడు. నల్లబోర్డు మీద రెండు పెట్టెలు, వాటి నడుమ సుద్దతో గీసిన ఒక తెరిచిన తలుపు.