వండేవాళ్ళు, వడ్డించేవాళ్ళు

"ఇవాళ మీటింగులో నువ్వు కాస్త తగ్గి ఉండు, ఒలేనా" అన్నాడు గ్రాహమ్. తను కారులో వెచ్చగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నేను బయట నిలబడి అద్దం మీది మంచు గీకుతున్నాను. "హెడ్‌ని నేను, నా భార్యవి నువ్వు. నువ్వు వాదిస్తే ఇంటి గొడవలా ఉంటుంది."

ఇంటి గొడవట. ఇవాళ తేలబోయేది నా బతుకు. అనువర్తిత భాషాశాస్త్రం చెప్పే మా ముగ్గురినీ యూనివర్సిటీ భాషాశాస్త్ర విభాగం నుంచి తీసి, లాంగ్వేజ్ సెంటర్లో పడేస్తారట. వలస వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే చోటు అది. ఆ పని చిన్నదని నేననను. కానీ అక్కడ పరిశోధన ఉండదు. ఆసుపత్రి డయాలిసిస్ వార్డులో ఏళ్ళ తరబడి చేస్తున్న నా పని అక్కడితో ఆఖరు.

నర్సు "అర్థమైందా?" అంటుంది. మనీలా నుంచి వచ్చిన పెద్దాయన నవ్వి తలూపుతాడు. ఇంటికెళ్ళి మందు తప్పుగా వేసుకుంటాడు. ఆ తలూపడంలో మర్యాద ఎంత, భయం ఎంత, అర్థమైంది ఎంత? గ్రాహమ్ బోర్డు మీద గీసే వాక్య నిర్మాణాల్లో దీనికి జవాబు లేదు. వార్డులో కూర్చుని, విని, నేనే వెతుక్కున్నాను. అయినా అతను పెళ్ళైన కొత్తల్లోనే తేల్చేశాడు. "సిద్ధాంతం మేం వండుతాం, మీరు వడ్డిస్తారు. అందులో తప్పేముంది?" మా అత్తగారు బార్బరా ఇంకో మెట్టు పైన. క్రిస్మస్ నాడు వండిన టర్కీ కోడిని ముక్కలు కోస్తూ చుట్టాలతో అంటుంది: "మావాడు పరిశోధన చేస్తాడు. ఒలేనా, పాపం, జనానికి సాయం చేస్తుంది." అందరూ నన్ను చూసి ముద్దుగా నవ్వుతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ టర్కీ తెల్లవారుజామున లేచి వండింది కూడా నేనే.

మీటింగులో గ్రాహమ్ తీర్మానం చదివాడు. చివర్లో ఒక ముక్క మెల్లగా దూర్చాడు. మేం వెళ్ళిపోయినా మా కోర్సులు, విద్యార్థులు మాత్రం విభాగంలోనే ఉంటారు. మేం సెంటర్ నుంచి వచ్చి పాఠం చెప్పిపోవాలి. సిద్ధాంతం చెప్పేవాళ్ళ క్లాసుల్లో బెంచీలు ఖాళీ, మావి కిటకిట. విభాగానికి డబ్బు వచ్చేది తలల లెక్క మీదే. ఆవు కావాలి, గడ్డి వేసే మనిషి అక్కర్లేదు.

"బలపరిచేవాళ్ళు?" అన్నాడు. ఎవరూ బలపరచకపోతే తీర్మానం అక్కడే వీగిపోతుంది. అందరూ కాగితాల్లోకి తలలు దించారు. నేను చెయ్యెత్తాను.

గ్రాహమ్ మొహం విప్పారింది.

"బలపరుస్తున్నాను. చర్చకొచ్చింది కాబట్టి ఇప్పుడొక సవరణ. మేం సెంటర్‌కి వెళ్ళం, వేరే విభాగంగా వెళ్తాం. మా కోర్సులూ, పిల్లలూ మాతోనే వస్తారు."

"సవరణని నేను బలపరుస్తున్నా" అంది నా పక్కనున్న మిరెయ్, నా మాట పూర్తి కాకముందే. మా ముగ్గురిలో ఒకతె.

"అయితే నా తీర్మానం వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడు గ్రాహమ్ గబగబా.

"కుదరదయ్యా" అన్నాడు అందరికంటే సీనియర్ డ్వైట్. "చర్చకొచ్చాక అది నీ ఒక్కడిదీ కాదు, సభది."

గ్రాహమ్ నా వైపు వంగి, గొంతు తగ్గించాడు. "ఒలేనా, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

నేను గొంతు తగ్గించలేదు. "ఇంట్లో ఇన్నేళ్ళూ నువ్వే మాట్లాడావు, గ్రాహమ్. ఇక్కడైతే నేనన్నది మీటింగు మినిట్స్‌లోకి ఎక్కుతుంది."