కొలతల్లో మొదటి ప్రశ్న

తూటాలు నింపే ప్రెస్ పిడిని కిందికి లాగిన ప్రతిసారీ మార్విస్ కుడి భుజంలో ఏదో కలుక్కుమంటోంది. ఇత్తడి తొడుగులో తుపాకి మందు పోయాలి, పైన గుండు నిలబెట్టాలి, పిడి లాగాలి. ఒక తూటా తయారు. మళ్ళీ తొడుగు, మళ్ళీ మందు. మధ్యలో వంటింట్లో గంట మోగితే వెళ్ళి ఓవెన్‌లోంచి రాత్రి భోజనానికి హాట్‌డిష్ గిన్నె తీసిపెట్టి, చేతులు తుడుచుకుని, వదిలిన చోటి నుంచి అందుకోవాలి.

ఆర్లో గుమ్మానికి ఆనుకుని నిలబడి కాసేపు చూశాడు. "మార్విస్, ఈసారి నీకో రైఫిల్ చేస్తాను. దూరం కొట్టేది, నీ సొంతానికి. ఏ తూటాకి చెయ్యమంటావో చెప్పు" అన్నాడు.

పిడి మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆర్లో ఆమె కోసం రైఫిల్ చేస్తాననడం అదే మొదలు.

డకోటా పడమటి గడ్డిమైదానాల్లో ఆర్లో చేసే రైఫిల్ అంటే పేరు. దుకాణం ముందు బోర్డు మీద ఇప్పటికీ 'క్లిఫర్డ్ టోర్విక్ అండ్ సన్' అనే ఉంటుంది. క్లిఫర్డ్ ఆర్లో తండ్రి. బల్ల వెనక నిలబడేది, ఫోను ఎత్తేది, మందూ గుండ్లూ తెప్పించేది, గిరాకీలు కొన్న రైఫిల్‌కి సరిపడా తూటాలు నింపి ఇచ్చేది మార్విస్. బోర్డు మీద కోడలికి చోటు లేదు. వ్యాపారం తెలిసిన మనిషి కనక ఆమె ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. గిరాకీ తెచ్చే పేరు ఏదైతే అదే బోర్డు మీద ఉండాలి అని సరిపెట్టుకుంది.

వేసవి వస్తే పశువులవాళ్ళు ఫోన్లు చేస్తారు. ప్రెయిరీ డాగులనే నేల ఉడతలు మేతంతా కొరికేసి మైదానాన్ని బొరియల మయం చేస్తాయి. ఆ బొరియల్లో కాలు పడి ఆవులు కాళ్ళు విరగ్గొట్టుకుంటాయి. అప్పుడు ఆర్లో రైఫిల్ వెనక పడుకుంటాడు, మార్విస్ పక్కన దుర్బిణి ముందు కూర్చుంటుంది. "గురి ఎడమకి జానెడు జరుపు. గాలి పెరిగింది. ఇప్పుడు" అంటుంది. తుపాకి పేలగానే వెనక్కి తన్నుతుంది, రైఫిల్ మీది దుర్బిణిలో ఆర్లోకి కనిపించేదంతా ఎగిరిపోతుంది. తన గుండు ఎక్కడ పడిందో అతనికే కనపడదు. "పడిందా?" అని అడుగుతాడు. "పడింది" అంటుంది. సాయంత్రం కఫేలో, "అయిదు వందల గజాల్లో ఒక్క దెబ్బకి లేపేశాను" అంటాడు. చూసిన కన్ను ఎవరిదో ఎవరూ అడగరు.

కాబట్టి తూటా ఎంపిక ఆమెకి ఆట కాదు. వారాల తరబడి తూచింది. గిన్నెలు కడుగుతూ తూచింది, ఫోనులో గిరాకీలతో మాట్లాడుతూనే తూచింది. టూ-ఓ-ఫోర్ రకం తూటా మహా చురుకు, కానీ గుండు మరీ తేలిక, ఈ గాలి ఊది పారేస్తుంది. టూ-ట్వంటీటూ వరకూ ఫరవాలేదు గాని దూరం పోయేకొద్దీ నీరసిస్తుంది. పెద్ద సిక్స్ ఎమ్ఎమ్‌లు గాలికి లొంగవు, కానీ తన్నుతాయి.

ట్వంటీటూ-టూఫిఫ్టీ సంగతి ఆదివారం భోజనాల దగ్గర మామగారు తేల్చేశాడు. "అదే తీసుకోమ్మా. మెరుపు. ఆలోచించేదేముంది?"

"దానికి బ్యారెల్ తొందరగా కాలిపోతుంది కదండీ మామయ్యా."

"కాలితే విప్పి ఇంకోటి బిగిస్తాం. అరగడానికేగా బ్యారెల్ ఉన్నది!" క్లిఫర్డ్ నవ్వాడు. ఆర్లో కూడా నవ్వి, "నీ మోచెయ్యి కాస్త అటు పెట్టుకో మార్విస్, తిననివ్వు" అన్నాడు.

మార్విస్ మోచెయ్యి దగ్గరికి ముడుచుకుంది. కుడి భుజం నిమురుకుంటూ, అరిగేవాటి గురించి మగవాళ్ళు ఎంత తేలిగ్గా మాట్లాడతారో అనుకుంది.

చివరికి ఆమె సిక్స్ బీఆర్ ఎంచుకుంది. పొట్టిగా, లావుగా ఉండే తొడుగు. వేగంలో అన్నిటికన్నా ముందుండదు. కానీ గాలికి నిలబడుతుంది, బ్యారెల్‌ని చాలాకాలం బతకనిస్తుంది, బరువైన రైఫిల్‌లో పెడితే తన్నే తన్నదు. పేలాక కూడా రైఫిల్ మీది దుర్బిణి కదలదు. తను కొట్టిన దెబ్బ తన కంటితో తనే చూసుకోవచ్చు. పక్కన కూర్చుని చెప్పే మనిషి అక్కర్లేదు. ఆమె కోరిన లాభం అదొక్కటే.

"నీ ఇష్టం" అన్నాడు ఆర్లో. మాట నిలబెట్టుకున్నాడు కూడా. బరువైన బ్యారెల్ తెప్పించాడు. వాల్‌నట్ కొయ్య రాత్రీ పగలూ చెక్కాడు. ఆమె తొంగిచూడబోతే గుడ్డ కప్పేశాడు.

జూన్‌లో ఒక ఆదివారం పొరుగువాళ్ళ మైదానంలో గుడ్డ తీశాడు. మార్విస్ కళ్ళు చెమర్చాయి. బ్యారెల్ మీద ఆమె అడిగిన తూటా పేరు చెక్కి ఉంది. కొయ్య ఆమె చేతి పొడవుకి సరిగ్గా కోసి ఉంది. చాప మీద పడుకుని రైఫిల్‌ని భుజానికి ఆనించుకుంది. కొయ్య వంపు చెంపకి ఎదురొచ్చింది. తూటా ఎక్కించే బోల్టు కోసం చెయ్యి చాపింది. అక్కడ లేదు. అవతలి పక్కన ఉంది.

"అటు కాదే పిచ్చిదానా! ఈ భుజానికి" అన్నాడు ఆర్లో నవ్వుతూ.

"నాది ఎడమ చెయ్యి ఆర్లో."

ఆర్లో పక్కనే నిలబడ్డ తండ్రి వంక చూశాడు. మళ్ళీ ఆమె వంక చూశాడు. నిజంగా తెలుసుకోవాలని ఉన్నవాడిలా అడిగాడు.

"ఎప్పటి నుంచి?"

మార్విస్ పెళ్ళి కేకు ఎడమ చేత్తోనే కోసింది. ఆ రోజు రిజిస్టర్‌లో ఎడమ చేత్తోనే సంతకం చేసింది. ఇతను ప్రతి పూటా తిట్టే మోచెయ్యి ఆ చేతిదే. మోచెయ్యి అడ్డొచ్చిన సంగతి తెలిసింది గాని అది ఎందుకు అడ్డొస్తోందో తెలియలేదు. ప్రెస్ పిడి మాత్రం క్లిఫర్డ్ కాలం నుంచీ కుడివైపే బిగించి ఉంది, అదొక్కటే కుడి చేత్తో నేర్చుకుంది.

"ప్రెస్ రోజూ కుడి చేత్తోనే లాగుతావుగా. దీనికీ అలవాటు పడతావులే" అన్నాడు క్లిఫర్డ్.

"అవును, నేర్చుకుంటావు" అన్నాడు ఆర్లో, తేలికపడి.

మార్విస్ రైఫిల్‌ని గుడ్డలో చుట్టి ఇచ్చేసింది. కోపం ఇంకా రాలేదు. మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనప్పుడు గుండె జారుతుందే, అది మాత్రం జారుతూనే ఉంది. ఏ గిరాకీ వచ్చినా ఆర్లో ముందు అడిగేది ఒకటే: "కుడి చెయ్యా, ఎడమ చెయ్యా?" ఆ తర్వాతే తూటా సంగతి. ఆ వరస తప్పితే మంచి కలప వృథా అని పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్ళకి పాఠం చెబుతాడు. తనని మాత్రం నేరుగా తూటా దగ్గర మొదలుపెట్టి అడిగాడు. సంతోషంలో తను కూడా గమనించలేదు.

సోమవారం ఆర్లో దుకాణంలోకి వచ్చేసరికి ఆ రైఫిల్ అమ్మకపు వరసలో నిలబడి ఉంది. తూటాల గదిలో ప్రెస్ బల్ల కుడి మూల నుంచి ఎడమ మూలకి మారి, కొత్త మరమేకులతో బిగించి ఉంది.

"శనివారం షూటింగ్ పోటీకి నా తూటాలో?" అన్నాడు ఆర్లో.

"మందు డబ్బాలు అక్కడే ఉన్నాయి. పిడి ఎడమ వైపుంది. నేర్చుకుంటావులే."

"అంత మంచి రైఫిల్ అమ్మకానికి పెట్టావేం?"

"కుడిచేతి తుపాకి. కుడిచేతి మనిషి కొనుక్కుంటాడు."

ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చి, గిరాకీలు నిలబడే చోట నిలబడింది. "నాకో రైఫిల్ కావాలి. కొలతలు తీసుకో" అంది.

ఆర్లో తడబడుతూ చెవి మీది పెన్సిల్ తీశాడు. ఆమె ముఖం చూశాడు, చేతులు చూడలేదు.

"ఏ తూటాకి?"

"అది రెండో ప్రశ్న" అంది మార్విస్.