మెట్ల కాపలాకు ఇద్దరు ఖైదీలు

దామోదర్ స్వీట్ డబ్బా పట్టుకొని ఎర్రమంజిల్‌లో ఫఖ్రున్నీసా టీచర్ ఇంటి గడప తొక్కగానే ఆమెకి ముందుగా గుర్తొచ్చింది వాడి మొహం కాదు, వాడి మెడ. పదో తరగతి పరీక్షల్లో పక్కవాడి పేపర్లోకి సాగీ సాగీ కొంగ మెడలా తయారైన మెడ. అమీర్‌పేట సర్కారు బడిలో ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పిన మనిషికి అందరు పిల్లలూ గుర్తుండరు. కానీ 'మా తాతయ్య' అనే వ్యాసంలో పక్కవాడి తాత పేరుతో సహా దించేసిన ఘనుణ్ణి ఎలా మరిచిపోతుంది?

ఇప్పుడా మెడలో లావుపాటి గొలుసు వేలాడుతోంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే రోడ్డు మీద వాడికి మూడంతస్తుల కాంప్లెక్సు ఉంది. జావా, టెస్టింగ్, మెయిన్‌ఫ్రేమ్ అన్నీ అక్కడే నేర్పిస్తారు. ఉద్యోగం గ్యారంటీ అని బోర్డు మీద ఉంటుంది. ఏ ఉద్యోగమో, ఎవరి గ్యారంటీయో బోర్డు మీద ఉండదు.

"మేడం, మన ఏరియా నుంచి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్లిన వీరులకి మా కాంప్లెక్స్ ముందర స్మారకం కట్టిస్తున్నా. మీ నాన్నగారి పేరు ఉండాలి. మీ చేతుల మీదుగా ఓపెనింగ్ జరగాలి" అన్నాడు కుర్చీ అంచున కూర్చుని.

"మా నాయన వీరుడని నీకెవరు చెప్పిన్రు? ఆయన జపానోళ్ల దగ్గర ఖైదీగ ఉన్నడు. మూడున్నరేండ్లు."

"ఖైదీ అంటే వినడానికి అంత బాగోదు మేడం. వీరుడు అందాం."

ఫఖ్రున్నీసా నోటిదాకా వచ్చిన మాట మింగింది. ఎందుకంటే పక్కనే పీట మీద నవోమి కూర్చుని ఉంది. నవోమి ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది, వెనక వీధిలోనే ఇల్లు. అక్కా అన్నట్టు 'ఆపా' అని పిలుస్తూ రోజూ ఈ వేళకు చాయ్ తాగడానికి వస్తుంది. ఆమె కప్పు కింద పెట్టి, మెల్లగా అడిగింది.

"అయ్యా, మా నాయన సుత ఆళ్లతోనే పోయిండు. యేసురత్నం ఆయన పేరు. పల్టన్ల వంటాయన. ఆయన పేరు సుత రాస్తరా?"

"ఎందుకు రాయమమ్మా! ఎంతమందైనా రాస్తాం" అన్నాడు దామోదర్. రాయి ఖాళీగా ఉంటే వాడికే వెలితి మరి.

నవోమి మొహం అప్పుడు ఎట్లా వెలిగిందో చూసి ఫఖ్రున్నీసా సరేనంది. స్వీట్ డబ్బా మాత్రం తిరిగిచ్చేసింది.

* * *

నిజాం సైన్యంలోని పల్టన్ మలయాకు పోయినప్పుడు ఫఖ్రున్నీసా ఇంకా పాలు తాగే పిల్ల. నవోమి తల్లి కడుపులో ఉంది. సింగపూర్ జపాన్‌వాళ్ల వశం కాగానే సిపాయి అబ్దుల్ రవూఫ్, వంట చేసే యేసురత్నం ఇద్దరూ ఒకే గుంపులో ఖైదీలుగా చిక్కారు. ఓడ అడుగున పశువుల్లా కుక్కి, న్యూగినీ అనే దీవికి తీసుకుపోయారు. అక్కడ చెట్లు నరకడం, విమానాలు దిగే నేల చదును చేయడం. కింద పడితే తుపాకీ మడమతో లేపేవాళ్లు. యేసురత్నం అడవిలో దొరికిన ఆకూ అలమూ ఉడకబెట్టి, ఉప్పు లేని ఆ నీళ్లనే అందరికీ సమంగా సర్దేవాడట. ఒక వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. రవూఫే గొయ్యి తీశాడు. గునపం ఇవ్వలేదు. కొబ్బరి చిప్పతో తీశాడు.

యుద్ధం అయిపోయాక రవూఫ్ హైదరాబాద్‌లో రైలు దిగి నేరుగా ఇంటికి రాలేదు. ముందు నవోమి తల్లి వజ్రమ్మ గుడిసెకు పోయి ఆ మాట చెప్పి, అప్పుడు వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ ఎముకల గూడును చూసి ఐదారేళ్ల ఫఖ్రున్నీసా మంచం కింద దూరింది.

మరి ఈ ఊరు ఆయన్ను ఎట్లా ఎదుర్కొంది? ఎవరూ దండ వేయలేదు. పంజాగుట్ట హోటల్లో చాయ్ తాగే పెద్దమనుషులు ఆయన్ను చూడగానే "చేతులెత్తినోడు వచ్చిండు, జర జాగా ఇయ్యుండ్రి" అని నవ్వేవాళ్లు. చచ్చిపోయి ఉంటే కనీసం జాలిపడేవాళ్లేమో. బతికి రావడం వాళ్లకు నామోషీగా తోచింది. రవూఫ్ చాయ్ కప్పు తీసుకొని బయట గోడ పక్కన నిలబడి తాగేవాడు. తరవాత ఒక గోదాముకు కాపలా ఉండి, ముసలితనంలో దగ్గీ దగ్గీ మంచంలోనే పోయాడు. వజ్రమ్మ ఇంటికి మాత్రం బతికినన్నాళ్లూ పండగకు సేమ్యాలు మోసుకుపోయాడు.

* * *

ఓపెనింగ్ రోజు కాంప్లెక్స్ ముందు షామియానా వేశారు. కుర్చీల్లో కోచింగ్ పిల్లలు. హాజరు వేస్తామంటే వచ్చి కూర్చున్నారు పాపం, ఒళ్లో జిరాక్స్ కాగితాలు పెట్టుకొని లోపల్లోపల చదువుకుంటున్నారు. వేదిక మీద ఒక నాయకుడు. ఆయన మైకు పట్టుకొని, ఈ గడ్డ మీద పుట్టిన సింహాలు చైనా సైన్యాన్ని ఎట్లా తరిమికొట్టాయో చెప్పాడు. చైనా కాదు, జపాన్ అని ఎవరో చెవిలో చెప్పారు. "ఏ దేశమైతేనేం, శత్రువు శత్రువే" అని సర్దుకున్నాడు. పిల్లలు తలెత్తకుండానే చప్పట్లు కొట్టారు.

ఫఖ్రున్నీసా గుడ్డ తొలగించింది. నల్లరాతి మీద బంగారు రంగు అక్షరాలు. 'కెప్టెన్ అబ్దుల్ రవూఫ్, అమరవీరుడు.' కింద 'యేసురత్నం, అమరవీరుడు.' ఆమె మొహం చిట్లించింది. మూడున్నరేళ్లు దెబ్బలు తిన్నా దొరకని ప్రమోషన్ దామోదర్ ఒక్క పూటలో ఇచ్చేశాడు.

నవోమి ముందుకొచ్చి తండ్రి పేరు మీద వేలు పెట్టింది. ఒక్కో అక్షరం మీదుగా నడిపించింది. ఏడవలేదు, నవ్వలేదు.

ఫఖ్రున్నీసాకు శాలువా కప్పి మైకు ఇచ్చారు.

"మా నాయన కెప్టెన్ కాదు, సిపాయి" అంది బడిలో పాఠం మొదలుపెట్టినట్టుగా. "యుద్ధంల చావలేదు. ఖైదీగ ఉండి వాపస్ వచ్చిండు. వస్తే గీ బస్తీవాళ్లే ఆయన్ని..."

దామోదర్ గట్టిగా చప్పట్లు మొదలుపెట్టాడు. వాణ్ణి చూసి నాయకుడు, నాయకుణ్ణి చూసి పిల్లలు. ఎవడో పాట పెట్టాడు. దేశభక్తి ఎంత పెద్ద శబ్దంతో వచ్చిందంటే షామియానా గుంజలు అదిరాయి. ఆమె మైకును బల్ల మీద పడేసి కిందికి దిగింది.

అప్పుడు కనబడింది, రాయి నిలబెట్టిన మెట్ల పక్కన, బంతిపూల దండల కింద ఎర్ర రంగు గీత. దండ పక్కకు జరిపింది. గీతకు ఇవతల, రోడ్డు వైపు, బాణం గుర్తు.

మెట్ల పక్కన జామకాయలమ్మే సత్తెమ్మ ఆమె చూపు గమనించింది. "గది మున్సిపాలిటోళ్లు ఏసిన్రు టీచరమ్మా. ఫ్లైఓవర్ వస్తదంట గదా, రోడ్డు ఎడల్పు చేస్తున్రు. గీ మెట్లు, గా ముందటి అద్దాల గది మొత్తం రోడ్డు మీదికే కట్టిండు. కూలగొడ్తమని చెప్పిపోయిన్రు. చెప్పిన వారానికే గీ రాయి లేచింది."

"రాయి ఉంటే కూలగొట్టరా?"

"మిలిట్రీల సచ్చినోళ్ల రాయి గదమ్మా, ఎవడు ముడ్తడు?"

శాలువా ఒక్కసారి మెడ మీద గొంగళిపురుగులా తోచింది. ఆమె దాన్ని తీసి సత్తెమ్మ జామకాయల గంప మీద కప్పి వెళ్లిపోయింది.

* * *

మర్నాడు మున్సిపల్ ఆఫీసులో ఒక ఇంజనీరు కంప్యూటర్లో పేకాట ఆడుతూ ఆమె మాట విన్నాడు.

"సెంటిమెంట్ ఇష్యూ అమ్మా. మేం బండి తీసుకపోతే రేపు టీవీల వస్తది. ఫ్యామిలీవాళ్లకు అభ్యంతరం ఉండొచ్చు."

"నేనే ఫ్యామిలీ. నాకు అభ్యంతరం ఉంది. అది గక్కడ నిలబడుడే నాకు అభ్యంతరం. అండ్ల ఎవరి సమాధి లేదు, ఎవరి రక్తం లేదు. ఒక దొంగోని మెట్లున్నయి. కూలగొట్టుండ్రి. ఎవరన్న అడిగితే నన్ను పిలువుండ్రి, గక్కడే నిలబడి చెప్త."

ఇంజనీరు మొదటిసారి తెర మీంచి చూపు తిప్పాడు. ఆ ముసలమ్మ మీద గౌరవం కలిగి కాదు. పై అధికారికి చెప్పుకోవడానికి ఒక దారి దొరికినందుకు. "ఎల్లుండి పొద్దున వస్తరా అయితే?" అన్నాడు.

ఆమె నేరుగా నవోమి ఇంటికి పోయింది. నవోమి బియ్యం ఏరుతోంది. దామోదర్ మోసం, ఎర్ర గీత, ఇంజనీరు, అంతా వరసగా చెప్పి, "గాడిద కొడుకు, మన నాయనలను వాచ్‌మన్లను చేసిండు" అని ముగించింది. నవోమి కూడా తిడుతుందనుకుంది.

నవోమి చేట పక్కన పెట్టింది.

"నన్నడిగినవా ఆపా?"

"ఏమడగాలె?"

"కూలగొడ్దామా అని. మీ నాయన వచ్చిండు. నీకు ఆయన మొహం ఎరికే, ఆయన దగ్గు ఎరికే. నువ్వు పోయి పూలు పెట్టే సమాధి ఉన్నది. మా నాయనకేమున్నది? ఒక ఫొటో సుత లేదు. వంటాయన పేరు సర్కారోళ్లు రాసుకోలే, పల్టనోళ్లు రాసుకోలే, చర్చిల సుత రాయలే. దొంగోడే రాసిండు. గా దొంగోడన్న రాసిండు!"

"వాడు నీ నాయన కోసం రాయలేదు నవోమీ."

"నాకెరిక లేదా? నిన్న గా రాయి చూసినప్పుడే ఎరికైంది. నీకు అందరి మీద కోపమొస్తది, మంచిగనే ఉంటది. గా కోపంల నన్ను సుత వాళ్లల్ల కలిపినవ్."

జీవితమంతా ఎదుటివాళ్ల తప్పుల కింద ఎర్రసిరాతో గీతలు గీసిన ఫఖ్రున్నీసా చెయ్యి చీరకొంగు నలుపుకుంటూ ఉండిపోయింది. ఆమె లేచి వచ్చేసింది. ఆ సాయంత్రం, మర్నాడు సాయంత్రం నవోమి చాయ్‌కి రాలేదు.

* * *

పసుపు రంగు జేసీబీ వచ్చేసరికి దామోదర్ మెట్ల మీద రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. చుట్టూ జనం. ఫఖ్రున్నీసా గుంపును తోసుకుంటూ ముందుకు పోయింది.

"మేడం, మీరైనా చెప్పండి. మీ నాన్నగారి పేరు మేడం అది! వీళ్లు అమరవీరుడి మీదికి బండి తోలుతున్నారు!" అన్నాడు, కళ్లల్లో నీళ్లతో. నీళ్లు నిజమైనవే. అద్దాల గది కట్టడానికి వాడికి బాగానే ఖర్చయ్యుంటుంది.

"మా నాయన కాపలా ఉన్నది ఒక్క గోదాముకే. నీ మెట్లకు ఉండడు. జరుగు."

"ఏంటి మేడం, మీ స్టూడెంట్‌ని..."

"అందుకే చెప్తున్న. జరుగు."

వాడు జరిగాడు. బడిలో వాడి చేతిలోంచి పక్కవాడి పేపరు ఆమె లాగేసుకున్నప్పుడు కూడా అట్లాగే, ఏ సిగ్గూ లేకుండా జరిగేవాడు. అప్పటికే ఫోన్ తీసి ఎవరితోనో ఎదురు బిల్డింగులో రెండో అంతస్తు అద్దె మాట్లాడుతున్నాడు.

ఆమె జేసీబీ డ్రైవర్ దగ్గరికి పోయింది. "బేటా, ముందుగాల గా రాయి తీయించు. పగలొద్దు."

"టైం లేదమ్మా."

"టైం నాకు సుత లేదు. అరవై ఐదేండ్లున్నయి. తీయించు."

ఇద్దరు కూలీలు గడ్డపారలతో చుట్టూ సిమెంటు కొట్టారు. దామోదర్ సిమెంటులో కూడా కక్కుర్తిపడ్డాడు కాబట్టి రాయి సులువుగా ఊడింది. పై మూల కొంచెం చిట్లింది, అంతే. జేసీబీ మెట్లను కొరుకుతుంటే దుమ్ము లేచింది. ఆ దుమ్ములో నుంచి చూస్తే రోడ్డుకు అవతల బస్‌స్టాపులో నవోమి. ఎప్పుడొచ్చిందో మరి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది.

ఫఖ్రున్నీసా బస్సులకు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ రోడ్డు దాటింది.

"అడగకుండ చేసిన. తప్పే" అంది. "రాయి దింపిచ్చిన. ఎక్కడ పెడ్దామో నువ్వే చెప్పు."

నవోమి ముక్కు మీంచి కొంగు తీసింది. "మా ఇంటికే తీస్కపోదాం. చర్చి పెద్దలను నిన్ననే అడిగిన. కమిటీల పెట్టాలె, తీర్మానం చేయాలె అన్నరు."

"కమిటీ!" అంది ఫఖ్రున్నీసా. ఆ ఒక్క మాటలో ఊళ్లో ఉన్న కమిటీలన్నిటినీ ఊడ్చి పారేసింది. నవోమికి నవ్వొచ్చింది.

ట్రాలీ ఆటోవాడు బరువెక్కువని గొణిగాడు. దారంతా గొణిగాడు. రాయిని నవోమి ఇంటి వెనక, బట్టలుతికే చప్టా పక్కన గోడకు చేరేసి దించారు. నవోమి తడిగుడ్డతో దుమ్ము తుడిచింది. ముందు రవూఫ్ పేరు తుడిచింది, తరవాత తండ్రి పేరు.

"గా కెప్టెన్ అనేది చెక్కి తీసేయిద్దాం ఆపా. మీ నాయన పేరు మాత్రం ఉండనియ్యి. అంత దూరంల ఒక్కడే ఉన్నడు మా నాయన, గిక్కడ సుత ఒక్కడే వద్దు."

ఫఖ్రున్నీసా తలూపింది.

నవోమి వెనక్కి జరిగి, కళ్లద్దాలు సర్దుకొని, తండ్రి పేరు బయటికి చదివింది. చిన్నపిల్లలు చదివినట్టు కూడబలుక్కుంటూ, రెండుసార్లు. "అక్షరాలు మస్తు మంచిగొచ్చినయి కదా? దొంగోడైనా మంచిగ రాయించిండు."

దామోదర్ గురించి ఫఖ్రున్నీసా దగ్గర చాలా మాటలున్నాయి. అన్నీ పదునైనవే, నాలుక చివరే సిద్ధంగా ఉన్నాయి.

"మంచిగున్నయి" అంది, చప్టా మీద నవోమి పక్కన కూర్చుంటూ.