మిరపకాయ కొరికిన తాబేలు

సామ్రాజ్యానికి ఇంగ్లీషులో వచ్చింది ఇరవయ్యారు అక్షరాలు, అవీ పాటగా పాడితేనే. అయినా నెల్లూరు జిల్లా కోట ఊరి దగ్గర చర్చిలో పాస్టరు హెబ్రోనుగారు అమెరికా పార్సెలులో వచ్చిన బొమ్మల పుస్తకం చూపించి, "ఇంగ్లీషు చదవగలవా అమ్మా?" అని అడిగితే ఆమె తల దానంతటదే ఊగింది. చదవగలిగినవాళ్లకే ఆదివారం బడి అప్పగిస్తామన్నారు మరి. పిల్లలంటే ఆమెకు ప్రాణం.

అది అమెరికాలో ప్యూబ్లో అనే జనం తరతరాలుగా చెప్పుకునే కథ. ఆ సంగతి అట్ట మీదే ఉంది, కానీ అట్ట కూడా ఇంగ్లీషే కదా! బొమ్మలు మాత్రం చూడముచ్చటగా ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి మట్టి ఇళ్లు, వాటికి నిచ్చెనలు. బుచ్చిరెడ్డిపాలెం షావుకారు గాదెలు కాక ఇంకేమిటి? గోడల నిండా ఎర్రటి మిరపకాయల దండలు. నోరు తెరిచి ఏడుస్తున్న తాబేలు, పక్కన నక్క. ఆఖరి బొమ్మలో నక్క తాబేలును ఏట్లోకి విసిరేస్తోంది.

ఇంకేం కావాలి? తాబేలు దొంగతనంగా గాదెలో దూరి మిరపకాయ కొరికింది, మంటకు గగ్గోలు పెట్టింది, నక్క జాలిపడి నీళ్లలో వేసింది. సామ్రాజ్యం నాలుక బయటపెట్టి "అబ్బో! అబ్బబ్బో!" అంటూ గంతులేస్తుంటే పిల్లలు పొట్టలు పట్టుకుని దొర్లేవాళ్లు. ఆరు నెలల్లో పన్నెండు మంది పిల్లలు నలభై మందయ్యారు.

అరవై మూడులో, క్రిస్మసుకు ముందు, నెల్లూరు నుంచి మిషను దొరసాని జీపులో వచ్చింది. పుస్తకం చూసి మురిసిపోయి, తానే చదివి తెలుగులో చెబుతానంది. సామ్రాజ్యం వెనక గోడ దాకా జరిగింది. పాస్టరుగారు ముందు బెంచీలోనే ఉన్నారు.

"తాబేలు దారి తప్పింది. ఏడ్చింది. ఆ ఏడుపును నక్క పాట అనుకుంది. మళ్లీ పాడు, లేకపోతే నీళ్లలో వేస్తాను అంది..."

పిల్లల్లో గుసగుసలు. ఎనిమిదేళ్ల జయశీల లేచి నిలబడింది.

"కాదు దొరసానమ్మా! అది మిరపకాయ తినింది! గోడకు చూడండి, ఎన్ని ఉండాయో!"

దొరసాని చూసింది. నిజంగానే ఉన్నాయి. "కానీ ఇక్కడ రాసింది..."

"తప్పు చదివినారు!" నలభై గొంతులు ఒక్కసారిగా లేచాయి.

జయశీలకు జాలేసింది. "పాపం, దొరసానమ్మకు ఇంగ్లీషు సరిగ్గా రాదు. మా సామ్రాజ్యమక్కయితే చూడకుండానే చదువుద్ది."

పాస్టరుగారు మెల్లగా సామ్రాజ్యం వైపు తిరిగారు. ఆమెకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. రేపటి నుంచి ఈ పిల్లలు తనకు లేరు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

దొరసాని ఆ మొహం చూసింది. సంగతంతా అర్థమైంది. పెదవులు బిగబట్టింది, భుజాలు కదిలాయి, ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని, పుస్తకం తెచ్చి సామ్రాజ్యం చేతిలో పెట్టింది.

"పాస్టరుగారూ, నాకు ఇంగ్లీషు రాదంట," అంటూ చాప మీద పిల్లల మధ్య చతికిలబడింది. "ఆమెనే చదవమనండి."