ఎండ మొహం చూడని పరుపు

నేను ఒక బూరుగు దూది పరుపును. కాకినాడలో శశికళ పెళ్ళికి వాళ్ళ నాన్న దగ్గరుండి కుట్టించాడు. ఆ రోజు తెల్లగా, పొంగిన పూరీలా ఉన్నాను. పన్నెండేళ్ళు గడిచాయి. ఇప్పుడు నా సంగతి చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది.

శశికళ శుభ్రం గురించి అపార్ట్‌మెంటంతా చెప్పుకుంటారు. నేలను రోజుకు రెండుసార్లు ఫినాయిలుతో తుడుస్తుంది. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం దుప్పటి తిరగేసి ఊరుకుంటుంది. చుట్టాలొస్తే కొత్త దుప్పటి, పైన కాస్త పౌడరు. ఎండలో వేస్తే గుడ్డ చివికిపోతుందని నన్ను ఒక్కసారి కూడా డాబా ఎక్కించలేదు.

ఆ దుప్పటి కింద ఏముందో చెప్పనా? చెమట, తలనూనె, చొంగ, పాలు కక్కిన మరకలు. మీ ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతికే పురుగులు, కంటికి కనపడనంత చిన్నవి, లక్షల్లో. అవి నాలోనే తిని, నాలోనే దొడ్డికెళ్ళి, నాలోనే గుడ్లు పెట్టి చస్తాయి. ఛీ! ఆ పెంట మీద మొహం ఆనించి మీరు గుర్రుపెడతారు.

గుర్రుపెట్టలేనిది ఒక్క లాస్యే, శశికళ తొమ్మిదేళ్ళ కూతురు. నా మీద వాలిందంటే తుమ్ములు, ఆపైన పిల్లికూతలు. డొక్కలెగరేస్తూ పిల్ల గాలి కోసం కొట్టుకుంటుంటే నా మీద నాకే అసహ్యం వేసేది. శశికళేమో పెరుగు మాన్పించింది, అరటిపండు మాన్పించింది, చల్లగాలి తగులుతుందని కిటికీలు బిగించింది. "ఇంకాసేపు పడుకో అమ్మలూ" అంటూ పిల్లను మళ్ళీ నాలోకే అదిమేది.

చివరికి ఒక డాక్టరమ్మ అడిగింది. "పరుపు ఎండలో ఎప్పుడేశారండీ?"

"మా ఇంట్లో నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చండీ!" అంది శశికళ రోషంగా.

"అయితే పిల్లని నేల మీదే పడుకోబెట్టండి."

ఉతికిన చాప మీద పడుకోబెట్టిన నాలుగో రోజుకి పిల్లికూతలు ఆగాయి. శశికళ నా దుప్పటి పూర్తిగా లాగి చూసి, ముక్కు మూసుకుని ఏడ్చింది. హమ్మయ్య, ఇక పారేస్తుందనుకున్నాను. పారేయలేదు. వాచ్‌మన్ భార్య సన్యాసమ్మను పిలిచింది.

"మంచి బూరుగు దూదే. నీ పసిదానికి మెత్తగా ఉంటుంది, పట్టుకెళ్ళు."

తన పిల్లకు ఊపిరాడనివ్వనిది ఇంకొకరి పిల్లకు మెత్తగా ఉంటుందట! నాలోని పురుగుల మీద కూడా నాకింత రోత పుట్టలేదు.

సన్యాసమ్మ నన్ను గేటు దాకా మోసి, దించి, మూల ఎత్తి వాసన చూసింది.

"ఓలమ్మ! సీ సీ, ఏటీ కంపు! దీని మీద నా పసిగుంటని తొంగోబెట్టాలా?"

నన్ను ఈడ్చుకెళ్ళి చెత్త బండిలోకి తోసింది. పన్నెండేళ్ళలో నన్ను వాసన చూసిన మొదటి మనిషి. చేపల పొలుసుల మీద పడి, ఆ తల్లికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

అంతలో పై నుంచి శశికళ గొంతు. "ఏం సన్యాసమ్మా, పరుపు బాగుందా?"

"బాగుందమ్మా, గుంట తొంగుంది" అంది సన్యాసమ్మ, చేతులు కొళాయి కింద పెట్టి సబ్బుతో రుద్దుకుంటూ.