నా చెయ్యి తగిలిన పండు

చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంటే మా అత్త ఓబమ్మ షెడ్డు గుమ్మంలోంచి అడిగింది. "ఏమే తెన్మొళీ, మొహం వాడిపోయుండాది, దూరమైనావా? అయితే ఇంటికి పో. నీ చెయ్యి తగిలితే పండు నల్లబడతాది."

"లేదత్తా," అన్నాను. పచ్చి అబద్ధం. ఆ పొద్దున్నే నెలసరి వచ్చింది.

కారిమంగళంలో షెడ్డు పెట్టినప్పటి నుంచీ ఇదే మాట. మలేషియాకి పంపిన పండు ప్రతిసారీ నల్లగా చేరేది. అక్కడి కొట్టాయన గుణశేఖరన్ ఫోన్లో గోల పెట్టేవాడు. ఇక్కడ మా ఆయన శక్తివేల్ "ఎవతె ముట్టినాదో కనుక్కో" అని నా మీద పడేవాడు. పుట్టమ్మ లాంటి కూలి ఆడవాళ్ళు నెలనెలా కూలి పోగొట్టుకుని ఇంట్లో కూర్చునేవాళ్ళు. పండు బాగుంటే ఆయన వ్యాపారం, నల్లబడితే నా ఒళ్ళు! ఒక్కోసారి నా చేతుల్ని నేనే తిప్పి తిప్పి చూసుకునేదాన్ని. ఛీ, ఎంత నమ్మించారు! మా షెడ్డు దాటేటప్పుడు పండు ఎర్రగానే ఉండేది కదా. ఓడరేవులో ఏదో కాగితం తక్కువైందనో, పెట్టె విప్పి చూడాలనో రోజుల తరబడి ఆపేవారు. ఇనప కంటైనర్లో పండు ఉడికిపోయేది. ఆ ఎండని మాత్రం ఎవరూ దూరంగా కూర్చోమనలేదు.

ధర్మపురిలో మా మహిళా సంఘానికి పెట్టిన శిక్షణలో కొత్త సంగతి విన్నాను. కాగితాలన్నీ సరుకు బయల్దేరకముందే కంప్యూటర్లో పంపేయొచ్చట. మన షెడ్డులోనే సీలు వేసుకుంటే రేవులో మామూలుగా విప్పరట. ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వాడు. "రేవు సంగతి నీకేం తెలుసే? చట్నీ రుబ్బడం అనుకొంటివా?" ఈసారి రేవులో కాగితాలు చూసే ఏజెంటు ఫోన్ ఎత్తకపోయేసరికి "సరే, చేసి ఏడువు," అన్నాడు.

చేశాను! పొయ్యి మీద అన్నం, ఒళ్ళో కంప్యూటర్. అత్తకి అబద్ధం చెప్పిన ఆ పొద్దు నుంచి మూడు రోజులూ, ఆఖరి పండు దిమ్మలన్నీ నా చేత్తోనే కట్టాను. కంటైనర్ తలుపుకి సీలు టక్కున పడ్డప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. రేవు చేరిన మర్నాడే ఓడెక్కిందని మెసేజ్ వస్తే, వంటింట్లో గంతులేశాను. ఆ వెంటనే భయం పట్టుకుంది. ఒకవేళ నిజంగానే నల్లబడితే? ఇక జన్మలో ఈ షెడ్డులో నా మాటకి విలువుండదు.

ఇవాళ మా ఆయన ఫోన్ పట్టుకుని అరిచాడు. "యమ్మా, వచ్చి సూడు!" కంటైనర్ తలుపు దగ్గరి వరసలో దిమ్మని కోసి ఫోటో పంపాడు గుణశేఖరన్. ఎర్రగా, ఇప్పుడే పెంకు ఒలిచినట్టుంది. కింద వాయిస్ మెసేజ్‌లో అతని గొంతు: "అన్నా, ఇట్లాంటి పండే కావల్ల. ఎంతుంటే అంత పంపు!"

అత్త మురిసిపోయింది. "చూస్తివా! దూరమైనోళ్ళని రానీకుంటే పండెట్లుండాదో!"

నాకు నవ్వు ఆగలేదు. "అత్తా, ఆఖర్న ఎక్కించిన ఆ వరస కట్టింది నేనే. కట్టిన మూడు రోజులూ నేను దూరమయ్యే ఉండాను."

మా ఆయన ఫోటోని ముట్టకూడనిదాన్లా చూశాడు. ఆ ఫోన్ నేనే లాక్కుని, దూరమై ఇవాళ ఇంట్లోనే ఉండిపోయిన పుట్టమ్మకి చేశాను.

"పుట్టమ్మక్కా, వచ్చెయ్యి. పండు నల్లబడింది రేవులో ఎండకి, మన చేతికి కాదు. ఇంక ఈ షెడ్డులో ఎవురూ దూరం కూర్చునేది లేదు."