ఆరో మనిషి

"ఆ నల్ల గౌనే వేసుకో. పొరపాటున కెమెరా అటు తిరిగినా నువ్వు కనబడవు," అన్నాడు సల్వు. హోటల్ గదిలో అతని తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను అప్పుడు. దాని తరవాత ఫియోరెల్లా వెండిరంగు గౌను చెయ్యాలి. నా నల్లదానికి ఇస్త్రీ అక్కర్లేదట, చీకట్లో ఎవరు చూడొచ్చారు!

ఆ ఏడాది దేశాల పాటల పోటీకి మా మాల్టా నుంచి వెళ్లిన పాట నా మొగుడు సల్వుది. పాడేది పందొమ్మిదేళ్ల ఫియోరెల్లా. పోటీ నియమం ప్రకారం ఒక్కో దేశానికి ఆరుగురే. గొంతులన్నీ అక్కడికక్కడ పాడాల్సిందే, ముందే రికార్డు చేసింది పనికిరాదు. ఫియోరెల్లా, నలుగురు నాట్యగాళ్లు, ఆరో మనిషిని నేను. వేదిక పక్కన నల్లతెర వెనక నాకో మైకు పెట్టారు. పాట చివర ఒక పెద్ద పైస్వరం ఉంది, అది ఆ పిల్లకి అందదు. అక్కడికి రాగానే తను చేతులు చాచి, కళ్లు మూసుకుని, నోరు తెరుస్తుంది. ఆ గొంతు మాత్రం నాది. మామూలుగా చాలా దేశాలు చేసేదే, ఇందులో మోసమేమీ లేదని సల్వు నాకు నాలుగుసార్లు చెప్పాడు. నేను ఒక్కసారి కూడా అడగలేదు.

పద్నాలుగేళ్లుగా మా దీవిలో జరిగే ఎంపికకి పాటలు పంపుతున్నాడతను. పోటీ రోజున మా ఊళ్లో వీధుల్లో పిల్లి కూడా తిరగదు, ఫాదర్ పూజ తొందరగా ముగించేస్తాడు. అలాంటి చోట పద్నాలుగేళ్లు ఓడిపోవడమంటే బ్రెడ్డు కొనడానికి వెళ్లినా తలదించుకోవడమే. అతని బాధ నాకు తెలుసు. ఇంట్లో నేను కూనిరాగం తీస్తుంటే పక్కగదిలో అతను దాన్ని రాసుకునే కాగితం చప్పుడయ్యేదని కూడా తెలుసు. తలుపు ఎప్పుడూ ఓరగా తెరిచే ఉంచేవాడు. "మళ్లీ ఒకసారి అను, ఆ మధ్యలోది," అనేవాడు. అనేదాన్ని. పెళ్లైన కొత్తలో దాన్నే ప్రేమనుకున్నాను, నా ఖర్మ! ఒకసారి అడిగాను, పాట కాగితం మీద నా పేరు కూడా పెట్టకూడదా అని. "గిన్నెలు తోముతూ మూలిగితే సంగీతమైపోతుందా మార్తీజ్? దానికి కాలూ చెయ్యీ పెట్టేది నేను," అన్నాడు. వాళ్లమ్మ మంచంలోంచి అందుకుంది, "పంజరంలో పిట్ట కూడా కూస్తుందమ్మాయ్, దానికెవరైనా సంతకం పెట్టిస్తారా?"

ఈసారి పాట పుట్టింది కూడా ఆ మంచం దగ్గరే. అత్తగారికి నడుం పడిపోయి రెండేళ్లయింది. రోజుకి నాలుగుసార్లు పక్కకి తిప్పాలి, తుడవాలి, దుప్పటి మార్చాలి. తిప్పేటప్పుడు ఆవిడకి ప్రాణం పోయినంత నొప్పి. ఆ నొప్పి మీంచి ఆవిడ ధ్యాస మళ్లించడానికి నేనొక రాగం తీసేదాన్ని. సరిగ్గా ఎత్తి తిప్పే క్షణంలో గొంతు పైకి తీసుకెళ్లి అక్కడే పట్టుకునేదాన్ని, ఆవిడ అరుపు దాని కింద కలిసిపోయేలా. ఆ పైస్వరం అందుకే అంత పొడుగు. దాన్ని సల్వు 'వేసవి పిల్లా, రావే' అని ఏదో ప్రేమపాట చేశాడు.

నన్ను తెర వెనక పెడదామన్న రోజున అందరి ముందూ నవ్వుతూ అన్నాడు, "మా నాన్న డింగ్లీ కొండ అంచున పిట్టలు పట్టేవాడు. వల పక్కన పొదలో పంజరం దాచేవాడు. లోపలి పిట్ట పాడితే పైన ఎగిరేవి దిగేవి. ఆ పిట్ట వినబడాలి గానీ కనబడకూడదు. అలా, మార్తీజ్ మా ఇంటి పిట్ట!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటేనే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

మంగళవారం సెమీఫైనల్లో పాడాను. నెగ్గాం. బుధవారం అత్తగారు ఫోన్ చేసింది.

"చివర అరిచింది నువ్వేగా?"

"ఎలా తెలిసింది అత్తయ్యా?"

"రెండేళ్లుగా ఆ గొంతు పట్టుకునేగా పక్కకి తిరుగుతున్నాను, నాకు తెలీదా? టీవీలో వస్తుంటే ఎవరూ ముట్టుకోకుండానే నా నడుం బిగుసుకుంది. ఆ కుర్రది ఊరికే నోరు తెరిచింది. ఇది మార్తీజ్ పాట కదరా అని వాడికి ఫోన్లో చెప్పాను కూడా."

"ఏమన్నాడు?"

"ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనీ అమ్మా అన్నాడు. నువ్వు త్వరగా రా అమ్మాయ్. నా మేనకోడలు నన్ను బంగాళాదుంపల బస్తాలా దొర్లిస్తోంది," అంది.

గురువారం పత్రికలవాళ్లకి విందు. ఇంటి నుంచి నేను చేసి తెచ్చిన రెండువందల తేనె రొట్టెలు పళ్లాల్లో సర్ది, వెనక వరుసలో సల్వు కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ చివరి స్వరం ఎలా తట్టిందని ఎవరో అడిగారు. సల్వు కళ్లు సగం మూశాడు. "డింగ్లీ కొండ మీద, మా నాన్న కూర్చునే చోట, ఒంటరిగా కూర్చున్నాను. సముద్రంలోంచి వచ్చింది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సముద్రమట! ముసలమ్మ నొప్పికి, తడిసిన దుప్పటికి, నా భుజాల పీకుడికి అతను పెట్టిన పేరు సముద్రం. అతను నావైపు చూసి చెయ్యి చాచాడు. కోటు కోసం.

శనివారం ఫైనల్‌కి ముందు ఫియోరెల్లా అద్దం ముందు కూర్చుని ఏడుస్తోంది. కాటుక గడ్డం దాకా కారింది.

"ఆంటీ, ఆ చివరిది నేను కింది స్వరంలో పాడగలను. నాకు బాగానే కుదురుతుంది. సల్వు సార్ వద్దంటున్నారు. 'నీ పని నోరు తెరవడం, అదైనా సరిగ్గా చెయ్యి' అన్నారు. మా అమ్మ మెచ్చుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను."

ఇన్నాళ్లూ ఈ పిల్ల మీద పళ్లు నూరుకున్నాను నేను. నా గొంతు తిని బతుకుతోందనుకున్నాను. దీని గొంతుకీ అతనే మూత పెట్టాడని తట్టనేలేదు.

"ఏదీ, పాడు," అన్నాను.

పాడింది. చిన్న గొంతే, కొంచెం వణికింది కూడా. కానీ తనది.

"ఇవాళ అదే పాడు," అన్నాను.

"మరి మీరు?"

"నేను వింటాను."

పిల్ల నా మొహంలోకి చూసి, ముక్కు తుడుచుకుని, తల ఊపింది.

తెర వెనక నిలబడ్డాను. నల్ల గౌను, నల్ల తెర, మైకు మీద ఎర్రదీపం. ఆ స్వరం వచ్చే చోటు నా భుజాలకి తెలుసు, వాటంతటవే లేచాయి. పెదాలు బిగించాను. ఒక్క ఊపిరంత ఖాళీ వచ్చింది. తరవాత ఫియోరెల్లా గొంతు వినబడింది, కిందగా, ఒంటరిగా. నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల కోసమో నా కోసమో చెప్పలేను.

ఆఖరి నుంచి నాలుగో స్థానం వచ్చింది మాకు. కెమెరాలు ఉన్నంతసేపూ పళ్లన్నీ కనబడేలా నవ్వి, అవి పోగానే సల్వు నన్ను మూలకి లాక్కెళ్లాడు.

"మైకు పోయింది, కదూ? మైకు పోయిందని చెప్పు, ఫిర్యాదు పెడదాం."

"మైకు బాగానే ఉంది."

అతను నా చెయ్యి వదిలేశాడు. "నా పాట గొంతు కోశావు," అన్నాడు.

"నీ పాట నీ దగ్గరే ఉంది సల్వు. నాది నేను తీసేసుకున్నాను, అంతే."

సోమవారం పొద్దున్న ఇంట్లో ఉన్నాం. అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. "తిప్పు, తిప్పు. పాట మర్చిపోకు." గొంతు సవరించుకున్నాను. పక్కగదిలో కాగితం చప్పుడయింది. ఇంత జరిగాక కూడా! లేచి వెళ్లి తలుపు మూసి గడియ పెట్టాను. వీధి వైపు కిటికీ బార్లా తెరిచాను. ముసలమ్మ నడుం కింద చేతులు పెట్టి, ఎత్తి, ఆ స్వరాన్ని అందినంత పైకి తీసుకెళ్లాను.

ఎదురింటి బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నావిడ చేతిలో తడి దుప్పటితో అలాగే ఆగిపోయింది.

"మార్తీజ్! మంగళవారం టీవీలో పాడింది నువ్వేనా?"

"నేనే," అన్నాను, వీధి చివరి దాకా వినబడేలా.